రేపల్లెలో వంట, బాపట్లలో భోజనం

పాస్తా వండటానికి రేపల్లె దాకా వెళ్ళేవాడు ఎవడైనా ఉంటాడా అని మా ఆఫీసులో నవ్వారు. ఉంటాడు, నేనే. పోయిన ఆదివారం మా అక్క భారతికి యాభై ఏళ్ళు నిండాయి. వేసవిలో ఆవిడ హైదరాబాదు మా ఇంటికి వచ్చినప్పుడు రొయ్యల కూర పెట్టిన పాస్తా చేశాను. మైదాలో గుడ్లు కొట్టి పిసికిన పిండిని పల్చగా ఒత్తి, లోపల కూర పెట్టి, అంచులు మూసి, మరిగే నీళ్ళలో ఉడికించి వెన్నలో దొర్లించే వంటకం అది. చూడటానికి మన కజ్జికాయకి చిన్న చెల్లెలిలా ఉంటుంది. అక్క రెండు తిన్నదో లేదో, రేపల్లె నుంచి బావగారి ఫోను వచ్చింది, ఆయన కళ్ళద్దాలు ఎక్కడున్నాయో చెప్పమని. అక్క ఇక్కడ కూర్చుని అక్కడి కళ్ళద్దాలు వెతికిపెట్టేసరికి పళ్ళెంలోవి చల్లారి బిగుసుకుపోయాయి. తిరిగి వెళ్ళేటప్పుడు స్టేషన్లో, ఎప్పుడూ ఎవర్నీ ఏదీ అడగని మనిషి, "ఈసారి అవి వేడివేడిగా, కూర్చుని తినాలిరా" అంది. పుట్టినరోజుకి ఆ ఒక్క కోరికా తీరుద్దామని బయల్దేరాను. తీర్చడానికి మూడు ఊళ్ళు పట్టింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు కాబట్టి ఈ పోస్టులో దారి వివరాలతోపాటు సణుగుడు కూడా ఉంటుంది, సర్దుకోండి.

హైదరాబాదు నుంచి రాత్రి రైలెక్కితే తెల్లవారుతుండగా తెనాలిలో దిగొచ్చు. దుగ్గిరాల దాటాక పడుకుంటే మాత్రం అంతే సంగతులు, లేచి చెప్పులు వేసుకునేలోపు తెనాలి వచ్చేస్తుంది. రేపల్లె ప్యాసింజరుకి ఇంకా టైముందని స్టేషను బయట ఇడ్లీ తిన్నాను. ఇడ్లీ బాగుంది, చట్నీ మాత్రం నీళ్ళు. మైదా, గుడ్లు, వెన్న తెనాలిలోనే కొన్నాను. మైదా తూచిన ఆయన ఏం పిండివంటండీ అని అడిగాడు. నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, "అయితే కజ్జికాయలేనండి. కాస్త బొంబాయి రవ్వ కలుపుకోండి, కరకరలాడతాయి" అన్నాడు. ఇవి నూనెలో వేసేవి కావు బాబూ, నీళ్ళలో ఉడకబెట్టేవి అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి పొట్లం కట్టాడు. ఆ చూపుకే నాకు మొదటి కోపం వచ్చింది.

తెనాలి నుంచి రేపల్లెకి బస్సులున్నాయి, కానీ తొందర లేకపోతే రైలే ఎక్కండి. టికెట్టు ఒక టీ ఖరీదు. వేమూరు, భట్టిప్రోలు మీదుగా గంట పైచిలుకు ప్రయాణం, దారి పొడుగునా వరి, అరటి, మధ్యమధ్యలో కాలవలు. మా బండి మాత్రం ఒక చిన్న స్టేషన్లో ఏ కారణమూ లేకుండా ఆగిపోయింది. పక్కన కూర్చున్న పెద్దాయన తనకి అలవాటే అన్నట్టు తువ్వాలు మొహం మీద కప్పుకుని నిద్రపోయాడు. నాకు అలాంటి అదృష్టం లేదు, ఒళ్ళో ఐసు ముక్కల మధ్య హైదరాబాదు నుంచి తెచ్చిన చీజు డబ్బా ఉంది, ఐసు కరుగుతుంటే నా ఒళ్ళు మండుతోంది. రేపల్లెలో దిగగానే ఆటో కట్టించుకుని చేపల మార్కెట్టుకి వెళ్ళాను. ఈ ఊళ్ళో రొయ్యలకి కరువు లేదు. అక్కడే కూర్చున్న ఆడవాళ్ళకి ఇస్తే వలిచి, నరం తీసి ఇస్తారు. పొద్దున్నే వెళ్తే మంచివి దొరుకుతాయి, ఎండెక్కాక పోకండి.

ఇంటికి చేరేసరికి బావగారు బయటికి వెళ్ళారు. మేనకోడలు హాస్టల్లో ఉంది. అంటే తినేది ముగ్గురమే. అక్కని స్టూలు మీద కూర్చోబెట్టి, ఇవాళ నువ్వు దేన్నీ ముట్టుకోవడానికి వీల్లేదని చెప్పాను. సరే అంది. పిండి పిసికి తడిగుడ్డ కప్పాను. రొయ్యల్ని సన్నగా తరిగి వెల్లుల్లి, మిరియాలపొడితో వేయించి, చల్లారాక చీజు తురిమి కలిపాను. అప్పడాల కర్రతో పిండి ఒత్తి, స్టీలు గ్లాసు బోర్లించి బిళ్ళలు కోసి, కూర పెట్టి మూశాను. మొదటి నాలుగూ అంచులు విచ్చుకున్నాయి. అక్క చూసి చూసి, ఒకటి చేతిలోకి తీసుకుని, బొటనవేలితో అంచుని నొక్కుతూ మడిచి జడ అల్లినట్టు అల్లేసింది. కజ్జికాయకి చెక్క లేనప్పుడు వాళ్ళ అత్తగారు అలా మూయించేవారట. ఆ తర్వాత ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని నలభై దాకా చేశాం. ఆ రోజు మొత్తంలో నాకు కోపం రాని సమయం అదొక్కటే. నీళ్ళు మరగబెడదామని గిన్నె పొయ్యి మీద పెట్టానో లేదో వాకిట్లో రెండు కార్లు ఆగాయి.

బావగారికి చేపల మేత వ్యాపారం. మనిషి చెడ్డవాడు కాదు, ఆ సంగతి ముందే చెప్పాలి. ఒక చేతిలో కేకు డబ్బాతో, వెనక ఎనిమిది మంది స్నేహితులతో నవ్వుతూ లోపలికి వచ్చారు. మీ అక్క పుట్టినరోజు నేను మర్చిపోతాననుకున్నావా, బామ్మర్ది ఇటలీ వంట చేస్తున్నాడని చెప్పి అందర్నీ లాక్కొచ్చాను అన్నారు. అక్క అప్పటికే లేచి బియ్యం కడుగుతోంది. నేను చూస్తుండగానే ఆ స్టూలు మీదికి ఉల్లిపాయల బుట్ట వచ్చి కూర్చుంది. భార్య పుట్టినరోజని తొమ్మిది మందికి ఆవిడ చేతే వండించడం, దాన్ని ఆవిడకి చేసే సన్మానం అనుకోవడం! కేకు మీద అక్క పేరు గులాబీ రంగులో రాయించారు. ఆ కేకు కూడా అక్కే కోసి అందరికీ పంచింది.

మొదటి విడత ఉడికించి, వెన్నలో దొర్లించి పంపాను. అందులో ఒకాయన రుచి చూసి, పచ్చిపచ్చిగా ఉన్నట్టున్నాయి, నూనెలో వేయించకూడదా అని మర్యాదగానే అడిగారు. బావగారు అక్కడినుంచే కేకేశారు. నేను అడ్డుపడేలోపు అక్క మూకుడు పెట్టి పదిహేను వేయించేసింది. ఎర్రగా పొంగి ప్లేట్లోకి వచ్చిన వాటికి ఆ గదిలో రొయ్యల కజ్జికాయలని పేరు పెట్టేశారు. సోడా సీసాల మధ్య, నంజుకోవడానికి బ్రహ్మాండంగా ఉన్నాయని మెచ్చుకున్నారు. బావగారు అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నా పాస్తా పంచుతూ, ఇంకో రెండు వేసుకోండి, మొహమాటపడకండి అంటున్నారు. లోపల నేను పళ్ళు నూరుకుంటున్నాను.

ఎందుకు అరవలేదంటారా? మా వైపు పిల్లనిచ్చిన ఇంట్లో గొంతు పెంచకూడదు. ఈ రోజు నేను అరిచి రైలెక్కి వెళ్ళిపోతే, రేపట్నుంచి ఆ మాట పడాల్సింది అక్క. ఇది చిన్నప్పట్నుంచి మాకు ఉగ్గుపాలతో పోశారు. అందుకని నోరు మూసుకుని ఒక పని చేశాను. బాగా కుదిరినవి పన్నెండు విడిగా తీసి, మరో గిన్నె బోర్లించి, గట్టు మూల దాచాను. వాళ్ళు అన్నాలు తిని చేతులు కడుక్కున్నాక వాటిని అప్పటికప్పుడు ఉడికించి, వెన్న వేసి అక్క ముందు పెట్టాను. కూర్చో అన్నాను. కూర్చుంది. చెంచా తీసుకుంది. అప్పుడు కిటికీలోంచి బయటికి చూసింది.

కార్లలో ఒకదాని డ్రైవరు మస్తాను వేపచెట్టు నీడలో తలుపు తెరిచి కూర్చుని ఉన్నాడు. లోపలికి వచ్చిన తొమ్మిది మందిలో ఒక్కరికీ అతన్ని పిలవాలని తోచలేదు. నేనూ చూడలేదు. అన్నం గిన్నె అడుగంటింది, కూరలు అయిపోయాయి. అక్క లేచి, ఆ పళ్ళెం పట్టుకుని వాకిట్లోకి వెళ్ళింది. వద్దమ్మా, ఇంటికెళ్ళి తింటాను అని అతను అంటున్నాడు. "పుట్టినరోజు వంట తమ్ముడూ, కాదనకు" అని అతని చేతిలో పెట్టి వచ్చింది. అతను తింటూ నా వైపు చూసి, చాలా బాగున్నాయి సార్, లోపలున్నది రొయ్యలేనా అని అడిగాడు. ఆకలి మీదున్న మనిషి మీద ఏమని కోప్పడను? అవును అని చెప్పి లోపలికి వచ్చాను.

వచ్చి అక్క మీద విరుచుకుపడ్డాను. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. వడ్డించేది తనే అయినా ఏ బంతిలోనూ చోటు లేని మనిషి మా అక్క. పొద్దున్నుంచి పడిన చాకిరీ నీ కోసం, ఊరి కోసం కాదు, నీకు తినే యోగం లేదు, పెట్టడం ఒక జబ్బులా పట్టుకుంది నీకు, అని నోటికొచ్చిందల్లా అన్నాను. అక్క మూకుడు తోముతూ వింది.

"వాకిట్లో మనిషి ఆకలితో కూర్చుంటే నాకు ముద్ద దిగుతుందంట్రా?"

"మరి నీకు ఆకలి లేదా?"

ఎప్పట్లాగే లేదంటుందనుకున్నాను. మూకుడు అలాగే పట్టుకుని నిలబడి, "ఉందిరా" అంది.

ఆ మాటతో నాకు కోపం పోలేదు, ఇంకో దారి పట్టింది. సాయంత్రం నేను ఎలాగూ బాపట్ల వెళ్ళాలి, మా చెల్లెలు సుధ అక్కడ ఉంటుంది, మర్నాడు అక్కడే నాకు రైలు. ముందు గదిలోకి వెళ్ళి, బావగారూ, అక్కని బాపట్ల తీసుకెళ్తున్నాను, రేపు పంపిస్తాను అని చెప్పాను. పుట్టింటి వాళ్ళు తీసుకెళ్తామంటే కాదనకూడదు, అది కూడా మా వైపు పద్ధతే. ఆయన, మరి రాత్రికి మాకు అని ఆగారు. అన్నం వండుకోవడం చాలా తేలిక బావగారూ, గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు అన్నాను. గొంతు పెంచలేదు. నవ్వుతూనే చెప్పాను.

రేపల్లె నుంచి బాపట్లకి చెరుకుపల్లి, కర్లపాలెం మీదుగా బస్సు. గంటన్నర పట్టొచ్చు, రోడ్డుని బట్టి ఇంకా ఎక్కువా పట్టొచ్చు. ఆడవాళ్ళకి టికెట్టు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. మా అక్క కార్డు బావగారి బీరువాలో ఉందట. ఫోటో కూడా ఫోనులో లేదట. కండక్టరు ఈసారికి టికెట్టు తీసుకోండి అమ్మా, మేమేం చేస్తాం అన్నాడు. ఆయన తప్పేం లేదు, అయినా ఆయన మీదా కోపం వచ్చింది. అక్క కిటికీ పక్కన కూర్చుని చెరుకుపల్లి దాకా పాలు తోడు వేయలేదని, కర్లపాలెం దాకా గ్యాసు కట్టేశానో లేదో అని బాధపడింది. ఆ తర్వాత కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

సుధకి దారిలోనే ఫోను చేసి జరిగింది చెప్పాను. నాకన్నా కోపిష్టి అది. మేం వెళ్ళేసరికి పిండి కలిపి పెట్టింది. ఆ వేళకి మంచి రొయ్యలు దొరకలేదు, పాలకూర వేయించి పనీరు చిదిపి కలిపాం. అక్క రెండుసార్లు వంటింట్లోకి రాబోయింది, రెండుసార్లూ సుధ భుజాలు పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. పొగలు కక్కుతున్న పళ్ళెం ముందు పెట్టాం. అక్క అటూ ఇటూ చూసి, మీరో అంది. మేం తర్వాత తింటాం అన్నాం. అప్పుడే ఫోను మోగింది. సుధ అందుకుని, అక్క భోంచేస్తోంది బావగారూ అని చెప్పి పెట్టేసింది. ఆ మాట ఆయన ఈ మధ్య విని ఉండరు.

అక్క నెమ్మదిగా, ఒక్కొక్కటీ ఊదుకుంటూ తిన్నది. మేమిద్దరం ఎదురుగా నిలబడి చూశాం. పళ్ళెం ఖాళీ అయ్యాక చెంచా పక్కన పెట్టింది. చాలు అంటుందని సుధ మంచినీళ్ళు అందించింది. అక్క గ్లాసు తీసుకోకుండా పళ్ళెం ముందుకి జరిపింది.

"ఇంకో నాలుగు వెయ్యరా."

నాకు తెలిసి మా అక్క మారు అడగడం అదే మొదటిసారి. యాభై ఏళ్ళు పట్టింది. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు మళ్ళీ మరగబెడుతూ ఎవరి మీద కోప్పడాలో తెలియక నిలబడ్డాను. బావగారు మంచివారే, స్నేహితులు మర్యాదస్తులే, ఆకలితో ఉన్న డ్రైవరుకి పెట్టడం న్యాయమే. ఎవరి తప్పూ లేకుండానే ఒక మనిషి ఇన్నాళ్ళు ఆకలితో ఉంది. ఒక్కడి తప్పయితే వాడితో తగువు పడి తేల్చుకోవచ్చు, ఇది అలా తేలేది కాదు, అందుకే ఈ కోపం హైదరాబాదు దాకా నాతో వచ్చింది. ఈ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా ఇస్తాను. రొయ్యలు రేపల్లెలో కొనండి, వెన్న తెనాలిలో కొనండి, పిండికి మాత్రం కనీసం అరగంట తడిగుడ్డ కింద విశ్రాంతి ఇవ్వండి. ఇక మీ అక్కకో అమ్మకో ప్రత్యేకంగా ఏదైనా వండిపెట్టాలనుకుంటే, ఆవిడ ఇంట్లో మాత్రం వండకండి. అక్కడ ఆవిడ కూర్చోదు.