తప్పిపోయిన కూతురికి దూడ ఎక్కడ?

మా చిన్నప్పుడు... ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, మదనపల్లెలో మా ఇంటి వసారాలో అవ్వ విత్తనాల చెనక్కాయలు ఒలుస్తూ బైబిల్లో యేసు చెప్పిన ఉపమాన కథలు చెప్పేది. తప్పిపోయిన కొడుకు కథ వచ్చిన ప్రతిసారీ నేను ఏడ్చేదాన్ని. మా ఇంట్లో దాన్ని భక్తి అనుకున్నారు. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు.

నేను ఏడ్చింది కొడుకు కోసం కాదు. దూడ కోసం.

మా అమ్మ పుట్టిల్లు పుంగనూరు. అక్కడ తాత దగ్గర ఒక పొట్టి ఆవు ఉండేది. దాని దూడ నా మోకాలెత్తు... సెలవులకు వెళ్తే ఇల్లంతా నా వెనకే తిరిగేది, చాటలో ఆరబోసిన రాగులు నాకేసేది. ఆస్తి తగలేసి వచ్చిన కొడుకు కోసం, రోజూ గేటు దగ్గర ఎదురుచూసిన వాళ్ల నాన్న కొవ్విన దూడను కోయించాడని అవ్వ చెప్పగానే, నా కళ్ల ముందు ఆ పుంగనూరు దూడే నిలబడేది.

"ఈ బిడ్డకి దేవుని మాటంటే మనసెట్లా కరగతాందో సూడు," అని నాయన మురిసిపోయేవాడు. నా ఏడుపు దేనికో కనిపెట్టింది అవ్వ ఒక్కతే. చివరికి కథనే మార్చేసింది... దూడను విడిచిపెట్టి, నాటుకోళ్లను కోయించింది.

అవ్వ ఊళ్లోని మిషనరీల ఆసుపత్రిలో ఆయాగా చేసింది. వార్డుల్లో పొద్దుటి ప్రార్థనల్లో విని విని నేర్చుకున్న కథలవి. ఆమె నోట అన్నీ మా వైపే జరిగేవి. మంచి సమరయుడు దెబ్బలు తిన్నవాడిని మోపెడ్ మీద కూర్చోబెట్టుకుని, పుంగనూరు రోడ్డు మీదుగా మా ఊరి ఆసుపత్రికే తెచ్చేవాడు. విత్తేవాడి గింజలు రామసముద్రంలో మాకున్న రాళ్ల చేలో పడేవి. తప్పిపోయిన కొడుకు బెంగుళూరులో చెడి, కుప్పంలో రైలు దిగి నడిచొచ్చేవాడు. కుప్పం నుంచి ఇంత దూరం నడకా అంటే, ఆకలైనోడు నడుస్తాడు పాపా అనేది.

ఒకసారి అడిగాను... కొడుకు బదులు కూతురు ఇల్లు విడిచి పోయుంటే?

ఒలుస్తున్న కాయ అవ్వ చేతిలో అలాగే ఆగిపోయింది. కాయ పక్కన పెట్టి అంది: "కూతుర్లు యాడికీ పోరు పాపా. కథలో కొడుకులే ఉండారు."

కుప్పంలో ఎమ్మే ఇంగ్లీషు చదివేటప్పుడు విక్టోరియా రాణి కాలపు నవలలు చేతికొచ్చాయి. దిండంత పుస్తకాలు... క్లాసులో అందరూ వాటితో కుస్తీ పడుతుంటే, నాకు మాత్రం మా వసారాలో కూర్చున్నట్టుండేది. అవ్వ ఉపమానంలో ధనవంతుడి గేటు బయట పడి ఉండే బీదవాడు లండన్ పొగమంచులో కనిపించాడు. ఇల్లు దాటి చెడిన కొడుకులు బుద్ధి తెచ్చుకుని తిరిగొచ్చారు. ఆ రచయితలూ, వాళ్ల పాఠకులూ పసితనం నుంచి ఈ ఉపమానాలు వింటూ పెరిగినవాళ్లేనని, అందుకే పేరెత్తకపోయినా కథ ఆ దారే పట్టేదని మా మేడమ్ చెప్పారు. అవ్వ ఆ కథల్ని రామసముద్రానికి తెచ్చుకుంటే, వాళ్లు లండన్‌కు తీసుకుపోయారు... అంతే తేడా.

అయితే ఆ నవలల్లో ఇల్లు విడిచిన కూతుళ్లూ ఉన్నారు. మోసపోయి, చంకలో బిడ్డతో, వానలో తడుస్తూ తెలిసిన వాకిలి ముందుకొచ్చి నిలబడతారు. కొందరిని లోపలికి రానిస్తారు. క్షమిస్తారు కూడా. కానీ పండగ చేయరు. చాలామంది ఆ క్షమాపణ అందుకున్న కాసేపటికే చచ్చిపోతారు. ఉపమానంలో కొడుక్కైతే ఉంగరం, చెప్పులు, విందు...

చిన్నప్పుడు దూడను కోయొద్దని ఏడ్చినదాన్ని, కూతురి కోసం ఒక్క దూడనైనా కోస్తారేమోనని ఆ పుస్తకాలన్నీ వెతికాను.

ఆ వెతుకులాటే నా పరిశోధన అయింది. హైదరాబాదులో పీహెచ్‌డీ సీటొచ్చింది.

సెలవుల్లో ఇంట్లో ఒక పక్క బైబిలు, ఒక పక్క నవల పెట్టుకుని పెన్సిలుతో గీతలు గీస్తుంటే, నాయనకు బైబిలు ఒక్కటే కనిపించింది. వాల్మీకిపురంలో పాస్టరుగా ఉన్న అబ్బాయితో నాకు సంబంధం మాట్లాడేశాడు. అబ్బాయి నెమ్మదస్తుడట. నేను పాస్టరమ్మనై సండే స్కూలు పిల్లలకు ఈ కథలే చెప్పుకోవచ్చట. నా ఏడుపుకు ఇన్నాళ్లకు ఫలం దక్కిందని అమ్మతో అన్నాడట. నాయనకు సీటు సంగతి చెప్పాను. నాకు కావలసింది ఆ చదువని చెప్పాను.

"పోతే పో. నీ కోసరం గేటు కాడ ఎదురుసూసేవాళ్లు ఎవురూ ఉండరు," అన్నాడు.

ఆ మాట ఏ కథను తిరగేసిందో ఆయనకు తట్టలేదు. మంచం మీద పడుకున్న అవ్వకు తట్టింది. లేచి కూర్చుంది.

"గేటు కాడ నేను కూసుంటాలేప్పా," అంది కొడుకుతో. "నాకేం పనుండాది? కాయలు మిషనే ఒలస్తాండాది."

నాయన చొక్కా వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

నిజమే... ఇప్పుడు విత్తనాల కాయలు సంచుల్లో వెళ్లి గింజలై తిరిగొస్తాయి. మా వసారాలో పొట్టు ఎగరదు. మా అక్క పిల్లలు కథలు ఫోన్లో వింటున్నారు. బొమ్మలు బాగుంటాయి, పాటలు బాగుంటాయి... కానీ మధ్యలో ఒక ప్రశ్న అడిగితే, పని ఆపి ఆలోచించే చెయ్యి అందులో లేదు.

మీకు కథలు చెప్పిందెవరు? ఆ కథల్లో లేకుండా పోయిందెవరు? కామెంట్లలో రాయండి... రైల్లో తీరిగ్గా చదువుకుంటాను.

వాల్మీకిపురం వాళ్లకు నేనే ఫోన్ చేసి పెళ్లిచూపులకు రావద్దని చెప్పాను. సోమవారం హైదరాబాదు వెళ్తున్నాను.