అరటినార ముడి

శిరసి ఫొటోల సంఘంలో ఒక కట్టుబాటుంది. ఆదివారం మధ్యాహ్నం వక్కరైతుల సొసైటీ మేడమీది గదిలో తెల్లగుడ్డ కట్టి ఫొటోలు ఒక్కొక్కటే వేస్తారు. తీసినవాళ్ళ పేరు చెప్పరు. అందరూ తమ మాట చెప్పేదాకా తీసినవాళ్ళు నోరు మెదపకూడదు, మెదిపితే ఆ ఫొటో పోటీలోంచి పోయినట్టే. అది ఎవరిదో అందరికీ తెలిసినా తెలియనట్టు కూర్చోవడమే అక్కడి మర్యాద. మందుల దుకాణం నాగవేణి ఈ మర్యాద చేతిలో ఏళ్ళ తరబడి నలిగింది.

ఆమె ఏది తీసినా భట్టు మాస్టారికి ఒక లోపం కనబడేది. ఆయన కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, పొగడటం ఆయన వంటికి పడదు. వాగు బాగుంది గానీ పైన అంత ఆకాశం దేనికి అనేవాడు. నాగవేణి ఇంటికొచ్చి ఆయన్ను కడుపారా తిట్టుకునేది. మర్నాడు మళ్ళీ అదే వాగుకు పోయి ఆకాశం లేకుండా తీసేది. ఒప్పుకోవడానికి మనసు రాకపోయినా, ఫొటో నిజంగానే బాగుపడేది.

ఆ ఏడు మారికాంబ జాతర వచ్చింది. జాతరలో సంఘం వేసే పందిరి ముందు ఒక్క ఫొటోను నిలువెత్తున పెడతారు. అది తనది కావాలని నాగవేణికి ఎంత ఆశో చెప్పలేం. తమ వక్కతోట అంచున కాఫీ మొక్కలో పికిలిపిట్ట గుడ్లు పొదుగుతుంటే తీసి కిందటి ఆదివారం ఇచ్చింది. గుడ్డ మీద పడగానే అందరూ ముందుకు వంగి చూశారు. పిట్ట కంటికి మాత్రం ఓ ఆకు సగం అడ్డమొచ్చింది.

"ఈ ఆకొక్కటీ లేకపోతే జాతరకు ఇదే," అన్నాడు మాస్టారు.

ఆ మాట వారమంతా ఆమె చెవిలో జోరీగలా తిరిగింది. గూటి దగ్గర ఒక్క ఆకును కూడా ముట్టకూడదని చెప్పిందీ ఆ మాస్టారే. అది ఆమెకు తెలియక కాదు. తెలిసినవాళ్ళు తప్పు చెయ్యరనుకుంటే అది మన పిచ్చితనం.

ఈ ఆదివారం పొద్దున్నే పోయి చూస్తే గుడ్లు పగిలి మూడు పిల్లలున్నాయి, ఇంకా ఈకలు కూడా రాలేదు. తల్లి మేతకు పోయింది. నాగవేణి కుడికి జరిగింది, ఎడమకు జరిగింది, మోకాళ్ళ మీద కూర్చుంది. ఎటు చూసినా ఆకే. ఒక్క నిమిషమే కదా అనుకుంది. మిరియాల తీగలు కట్టడానికి నానబెట్టిన అరటినార పక్కనే ఉంది. ఆ కొమ్మను మెల్లగా లాగి, వెనక కాండానికి కట్టేసి ఫొటో తీసింది.

అంతలో ఫోన్ మోగింది. దుకాణం పక్కింటి శారదమ్మ మనవడికి ఊపిరి ఆడటం లేదట, వెంటనే వచ్చి దుకాణం తెరిచి మందు ఇమ్మని. వచ్చాక విప్పుదాం అనుకుని పరుగెత్తింది. మందు ఇచ్చింది, పిల్లవాడు తేరుకున్నాడు. ఆ తరవాత కంప్యూటర్ ముందు కూర్చుని ఫొటో తెరిచి చూసుకుంటే కళ్ళు నెత్తికెక్కాయి. ముడి సంగతి మతిలోంచి జారిపోయింది.

మధ్యాహ్నం ఆ ఫొటో గుడ్డ మీద పడింది. మూడు పిల్లలు, మూడు ఎర్రటి నోళ్ళు, మీద బంగారంలాంటి ఎండ. లారీల శాంతారామ నాయక్ అటుకులు నమలడం ఆపి, ఆకలంటే ఇలా తియ్యాలయ్యా అన్నాడు. మాస్టారు లేచి గుడ్డ దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూశాడు. ఫొటోలో ఇంత ఎండను ఆయన ఎన్నడూ మెచ్చుకోలేదు, ఆ రోజు మెచ్చుకున్నాడు. నాగవేణి ఒళ్ళు తెలియకుండా పొంగిపోతోంది.

అప్పుడు వెనక బెంచీలోంచి ప్రతీక్ష అనే నర్సమ్మాయి అడిగింది.

"తల్లి అక్కడ లేదు కదా మాస్టారూ. మరి ఎవరిని చూసి నోళ్ళు తెరిచాయి?"

నాగవేణి మళ్ళీ చూసింది. ఫొటో మూలన, ఆకుల నడుమ, సన్నగా అరటినార. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆకలికి కాదు, పొద్దుటి లేత ఎండకే అలా నోళ్ళు తెరిచాయి. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం దాటింది, నీడనిచ్చే కొమ్మ ఇంకా కట్టేసే ఉంది.

మాస్టారు ఆ ప్రశ్నకు తలూపి, అదీ ఆలోచించాల్సిందే అంటూ మిగతావాళ్ళ మాట అడుగుతున్నాడు. ఇంకా నలుగురు చెప్పాలి. చెప్పేదాకా ఆగితే జాతర తనది. మింగలేక కక్కలేక నాగవేణి చీర కొంగు నలుపుకుంది. శాంతారామ నాయక్ మళ్ళీ ఏదో మొదలుపెట్టాడు. ఆమె లేచి నిలబడింది.

"ఆ ఫొటో నాది. కొమ్మ కట్టేశాను. విప్పలేదు."

చీవాట్లు పడతాయనుకుంది. మాస్టారు స్కూటర్ తాళం తీసుకుని మెట్లు దిగుతూ, రామ్మా అన్నాడు. దారిలో ఆయన అన్నది ఒక్కటే మాట.

"ఆకు సంగతి ఎత్తింది నేనే కదా."

తోటలోకి వెళ్ళేసరికి తల్లిపిట్ట గూటి అంచున నిలబడి ఉంది. రెండు రెక్కలూ విప్పి, వీపు ఎండకు ఒప్పజెప్పి, నోరు తెరిచి రొప్పుతోంది. పొద్దుటినుంచీ ఆకు పని అదే చేస్తోంది. మనుషులు చేతికందేంత దగ్గరికి వచ్చినా ఎగరలేదు. నాగవేణికి ఏడుపొచ్చింది.

మాస్టారి మెడలో కెమెరా ఉంది. అలవాటు కొద్దీ చెయ్యి దానిమీదికి పోయింది. అలాంటి ఫొటో జన్మకొకసారి దొరికితే గొప్ప. ఈలోపు నాగవేణి ముడి విప్పబోయింది. తడిమీద కట్టిన నార ఎండి బిగుసుకుపోయింది, గోటికి లొంగడం లేదు. తెంపితే కొమ్మ విసురుగా వెనక్కొచ్చి గూటిని కొడుతుంది.

"కొమ్మ పట్టుకోండి మాస్టారూ. రెండు చేతులతో."

ఆయన కెమెరా వదిలేసి కొమ్మ పట్టుకున్నాడు. ఆమె వంగి నారను పళ్ళతో కొరికింది. మాస్టారు కొమ్మను కొంచెం కొంచెంగా వదిలాడు. ఆకు తన చోటికి వచ్చింది. గూటి మీద నీడ పడింది. తల్లి రెక్కలు ముడుచుకుంది.

దూరంగా పోయి వక్కచెట్టు చాటున కూర్చున్నారు. తల్లి మేతకు ఎగిరిపోయి, చాలాసేపటికి పురుగుతో వచ్చింది. రెండు తలలు లేచాయి. మూడోది లేవలేదు.

జాతరలో పందిరి ముందు ఏ ఫొటో పెట్టాలో మాస్టారే తేల్చాడు. కిందటి ఆదివారం తనే వంక పెట్టిన ఫొటో, కంటికి ఆకు అడ్డమున్నది. నాగవేణి వద్దని బతిమాలినా ఆయన వినలేదు.

రెండోరోజు మెడలో పెద్ద కెమెరా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన దాని ముందు ఆగాడు. పక్కన నిలబడ్డ నాగవేణే అది తీసిందని ఆయనకు తెలియదు. చాలా బాగుంది గానీ, అని పెదవి విరిచాడు.

"ఆ ఆకును కాస్త పక్కకు జరిపి తీసుంటే ఎంత బాగుండేది."

తీసినవాళ్ళు నోరు మెదపకూడదు. నాగవేణి ఆ కట్టుబాటును రెండోసారి తప్పింది.

"జరిపాను సార్," అంది. "ఒక పిల్ల చచ్చిపోయింది."