గుండ్రంగా వేసిన వేలిముద్రలు

కొత్తకోట గ్రంథాలయంలో ఓడదొంగల మీద అట్ట ఊడిన పుస్తకం ఒకటి ఉండేది. బడి మొహం సరిగా చూడని నేను దాన్ని మూడుసార్లు చదివాను. వాళ్లు ఓడెక్కే ముందే కట్టుబాట్లు కాగితం మీద రాసుకునేవారట. నాయకుణ్ణి అందరూ కలిసి ఎన్నుకునేవారు, పనికిరాకపోతే దించేసేవారు. కాలో చెయ్యో పోయినవాడికి అందరికన్నా ముందు వాటా. సంతకాలు గుండ్రంగా పెట్టేవారు, మొదలెవరో తెలియకుండా.

తెలంగాణ వచ్చాక రెండో ఏడో మూడో ఏడో, కోస్గి వైపు నుంచి పన్నెండు మందిమి కేతేపల్లి దగ్గర కాలువకు రాళ్లు పరిచే పనికి పోయాం. ఒకరోజు రాయి జారి మాలో ఒకతని ఎడమచెయ్యి నలిగింది. అతని తమ్ముడూ మా గుంపులోనే ఉన్నాడు. పెద్ద దవాఖానకు పోకపోతే చెయ్యి దక్కదని కట్టు కట్టినాయన చెప్పాడు.

"పని చెయ్యనోనికి బువ్వేంది? రేపు ఊరి బస్సెక్కియ్యిండ్రి" అన్నాడు మేస్త్రీ.

ఒళ్లు మండింది. కొల్లగొట్టి బతికేవాళ్లకున్న నీతి కష్టం చేసుకునే మాకు లేదా? ఆ సాయంత్రమే అందరికీ ఆ ఓడదొంగల కథ చెప్పి కాగితం రాశాను: మేస్త్రీ అతన్ని దవాఖానకు తీసుకుపోవాలి, నయమయ్యేదాకా కూలి ఇవ్వాలి, లేకుంటే మేస్త్రీని మారుస్తాం. చుట్టూ పన్నెండు వేలిముద్రలు. చెయ్యి నలిగినతను కుడి బొటనవేలు వేశాడు. సంతకం వచ్చినా నేనూ వేలే వేశాను.

తెల్లారి మేస్త్రీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ముందుగాల ఎవడేసిండ్రా?"

గుండ్రంలో అతనికి మొదలు దొరకలేదు. నాకు లోపల గర్వం.

"సుట్టూ ఎవడన్న కానీ. నడుమల రాసిందెవడు? గీ గుంపుల అచ్చరమొచ్చినోనివి నువ్వొక్కనివే గదనే, ముసలోడా!"

ముద్రలు దాచాను గానీ రాత దాచాలని నాకు తట్టనే లేదు.

కాగితం నా మీదికి విసిరి అరిచాడు. "కాయిదం కావాల్నన్నోడు ఈడనే ఉండుండ్రి. పని కావాల్నన్నోడు ట్రాక్టరెక్కుండ్రి."

నా మొహం చూడకుండా ఒక్కొక్కరే ఎక్కారు. ఆఖరున తమ్ముడు ఒక కాలు పైన పెట్టి ఆగాడు.

"అన్నా, ఇంట్ల బియ్యం ఒడిసినయని ఫోనొచ్చిందే" అని ఎక్కేశాడు.

నల్లగొండ బస్సు కోసం రోడ్డు మీద ఇద్దరం నిలబడ్డాం. నలిగిన చేతిని రొమ్ముకు ఆనించుకుని అతను అడిగాడు.

"తాతా, గా దొంగలకు ఇంటికాడ పెండ్లాం పిల్లలుండిరా?"

పుస్తకంలో ఆ మాట ఎక్కడా లేదు.

దవాఖానలో మూడు వేళ్లు తీసేశారు. కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. అతని కుడి బొటనవేలి ముద్ర పక్కనే, తమ్ముడిది.