నా కుడి చేతి గోళ్ల అకాల మరణం

శ్రీరాంపూర్‌లో క్లాసికల్ గిటార్ నేర్పేవాళ్లు లేరు. అందుకే ఏ తీగను ఎక్కడ నొక్కాలో అంకెలతో చూపించే ట్యాబ్ పుస్తకాన్నే గురువుగా చేసుకున్నాను. ఎడమ చేతి గోళ్లు తీసేసి, కుడి చేతివి పెంచాలని గురువాజ్ఞ. పెంచాను. ఆదివారం కరీంనగర్‌లో దోస్తుల ముందు వాయిస్తానని గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఈ మధ్యాహ్నం పుస్తకం మొహం మీద వేసుకుని నిద్రపోయాను. లేచేసరికి కుడి చేతికి ఒక్క గోరూ లేదు. పక్కన అవ్వ, ఆమె చేతిలో నెయిల్ కట్టర్.

“ఎడమ చేతివి మంచిగ తీసుకున్నవ్, కుడి చేతివి మరిచినవ్ గద బిడ్డా. రేపు శుక్రవారమాయె, తియ్యొద్దు. అందుకే నేనే తీసిన.”

“అవ్వా! గా గోర్లతోనే గద తీగలు మీటేది!”

“వేళ్లున్నయ్ గదరా, గింతదానికి లొల్లెందుకు?”

కోపం నషాళానికంటింది. జరిగిన నష్టం చెవులతో వింటేనన్నా అవ్వకు తెలుస్తుందని, గిటార్ తీసి వట్టి వేళ్లతో వాయించాను. శబ్దం దుప్పటి కింద నుంచి వచ్చినట్టు వచ్చింది.

అవ్వ శ్రద్ధగా విని తలూపింది. “గిప్పుడు మంచిగున్నది. ఇన్ని దినాలు రేకు గీకినట్టుండె.”

ఏ కళాకారుడికైనా ఇంతటి అవమానం జరిగిందా? న్యాయం చెప్పండి. అవ్వ పక్షం వాళ్లు కామెంట్ పెట్టనక్కర్లేదు.