ఇంగ్లీషులో వెళ్ళొస్తాను

వెల్లింగ్టన్ నుంచి మూడు నెలల కాంట్రాక్టు మీద ఓ పల్లెటూరి జిల్లా కౌన్సిల్ ఆఫీసుకి వెళ్ళాను. వారమంతా కంప్యూటర్లతో సరిపోయేది. శనివారం వస్తే మాత్రం మోటెల్ గదిలో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడమే. పలకరించే నాథుడు లేడు. ఆ బాధ పడలేక, చూడదగ్గవంటూ రోడ్డు పక్క బోర్డులో రాసిన మూడింటినీ చూడబోయాను. రైలు రాని రైల్వే స్టేషను, రేకుతో చేసిన పెద్ద గొర్రె పది నిమిషాల్లో అయిపోయాయి. మిగిలింది మ్యూజియం.

అది మూతపడిన వెన్న ఫ్యాక్టరీలో ఉంది. ఎనభై దాటిన ఒకావిడ ఒక్కతే దాన్ని చూసుకుంటోంది. పాల క్యాన్లు, వెన్న కోసే తీగ చూపించి, ఫ్యాక్టరీ ఆఖరి రోజు ఫోటో దగ్గర ఆగింది. రెండో వరసలో అమ్మాయి తనేనట.

"ఫ్యాక్టరీ పోయింది, తరవాత బ్యాంకు, ఆ తరవాత బడి," అంది. జిల్లా చరిత్ర అయిపోయింది.

నాలుగింటికి మూసేస్తామంది. మూడున్నరకి బయల్దేరుతూ, అలవాటు కొద్దీ మన 'వెళ్ళొస్తాను'నే ఇంగ్లీషులో అప్పజెప్పాను. "ఐ విల్ గో అండ్ కమ్."

మరుసటి శనివారం ఇంకెక్కడికి పోవాలో తోచక మళ్ళీ అక్కడికే వెళ్ళాను.

"పోయిన వారం చీకటి పడేదాకా హీటర్ ఆపలేదు. వస్తానన్నారుగా," అంది.

ఎవరు కూర్చోమన్నారని మొదట విసుక్కున్నాను. తరవాత తల కొట్టేసినట్టయింది. మా వైపు ఉత్తినే వెళ్తానంటే అశుభమనీ, అందుకే అలా అంటామనీ చెప్పుకున్నాను.

ఆవిడ అడిగింది: "అయితే మీవాళ్ళందరూ తిరిగొస్తారా?"

"రారండీ," అన్నాను.

అప్పట్నుంచి శనివారాలు అక్కడే గడిచాయి. నాకోసం రెండో కుర్చీ హీటర్ పక్కకి జరిపి ఉంచేది. చూపించడానికి కొత్తవేవీ లేక పాత క్యాన్లనే మళ్ళీ చూపించేది, నేనూ చూసేవాణ్ణి.

కాంట్రాక్టు ముగిసింది. ఆఖరి శనివారం టీ తాగి లేచాను. వెళ్ళొస్తానన్నది మాటవరసకి అనేదని ఇప్పుడు ఆవిడకి తెలుసు. అయినా అంటే ఎదురుచూస్తుందని భయం వేసింది. మా అమ్మ వింటే మొట్టికాయ వేసేదే, కానీ పళ్ళు బిగించి అనేశాను.

"వెళ్తున్నానండీ."

ఆవిడ తలూపింది.

కారు తలుపు తీస్తుంటే వెనక తాళం వేసిన చప్పుడు వినిపించింది. టైము ఇంకా మూడున్నరే.