ఏడో కోడిపిల్ల

లైట్ల బాబాయికి ఆ పేరు ఊరికే రాలేదు. మున్సిపాలిటీలో వీధిదీపాలు బిగించే పనిలో ముప్పై ఒక్కేళ్ళుగా నిచ్చెన ఎక్కి దిగుతున్న మనిషి. ఏ వీధిలో దీపం ఆరిందన్నా కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. "నన్ను కాదు, ఆ స్తంభాన్ని కట్టుకోవాల్సింది" అని భార్య దెప్పేది.

ఆమెకు కుట్టుమిషనే లోకం. చుట్టుపక్కల నాలుగు వీధుల బట్టలూ ఆమె చేతి మీదుగానే వెళ్ళేవి. చలికాలం వస్తే మాత్రం, చీకటి పడగానే మిషను ఆపి డాబా ఎక్కేది, పిల్లలకోడిని చూడటానికి. తల్లికోడి చుట్టూ పిల్లలు మూగినట్టుండే ఆ చుక్కల గుంపును లెక్కపెట్టడం ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు. "ఏడూ కనిపించినన్నాళ్ళు కుట్టుకో, తగ్గాయా, సూది పక్కన పెట్టెయ్" అని తల్లి చెప్పిందట. ఆమెకు ఏడూ కనిపించేవి. సోడాబుడ్డి కళ్ళద్దాల బాబాయికి ఎప్పుడూ ఆరే.

"ఆ ఏడోదాన్ని నువ్వే పొదిగించావా ఏంటి?" అనేవాడు.

"నీకు చూపానక చుక్కల మీద పడతావేం?" అనేది.

అలా ఏళ్ళు గడిచాక వీధుల్లోకి ఎల్ఈడీ తెల్లదీపాలొచ్చాయి. బాబాయి వాళ్ళ కాళ్ళూ వీళ్ళ కాళ్ళూ పట్టుకుని మొదటి విడత తన వీధికే వేయించాడు. ఇంటి ముందు స్తంభానికైతే ఒకటి చాలదని రెండు బిగించాడు. "చూడవే, సూది రోడ్డు మీద పడినా ఏరుకోవచ్చు!" అని పొంగిపోయాడు. పాపం, ఆమె కూడా సంబరపడింది.

ఆ చలికాలం ఒక సాయంత్రం ఆమె డాబా దిగి వచ్చి మెట్ల మీదే కూలబడింది.

"మూడే ఉన్నాయయ్యా" అంది.

కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. బోర్డు మీద అక్షరాలు అడుగు వరుస దాకా గడగడా చదివేసింది. చూపుకేం ఢోకా లేదన్నాడు డాక్టరు. "ఆయన అక్షరాలు చదివించాడు గానీ చుక్కలు చదివించాడా?" అని ఆమె కొట్టిపారేసింది. ఉన్న చూపునైనా దాచుకోవాలని మిషను మీద దుప్పటి కప్పేసింది. బాబాయి ఒక్కసారి తలెత్తి తన ఆరూ ఉన్నాయో లేదో చూసుకుంటే సరిపోయేది. చూడలేదు. "వయసు మీద పడట్లేదూ? ఇంకెన్నాళ్ళు కుడతావులే" అని ఊరడించాడు. అది ఊరడింపనే అనుకున్నాడు మహానుభావుడు.

కుట్టు లేకపోయేసరికి ఇంటికొచ్చే ఆడవాళ్ళు తగ్గారు. కొలతలూ కబుర్లూ అన్నీ పోయాయి. ఆమె రోజంతా కళ్ళు మూసుకుని గోడకానుకుని కూర్చునేది. రెండేళ్ళకు జ్వరమొచ్చి చనిపోయింది. ఇప్పుడు బాబాయి ఒక్కడే వండుకుంటాడు, వంటింట్లోనే నిలబడి తినేస్తాడు. ఇల్లు నోరు మూసుకున్నట్టుంటుంది. ఎవరితోనైనా మాట్లాడాలంటే ఎక్కడో ఒక దీపం మాడిపోవాలి.

మొన్న చలికాలం భూమిలో కేబుల్ కాలిపోయి నాలుగు వీధులకూ కరెంటు ఆపారు. రాత్రి ఏడు దాటింది. మరమ్మతు అయ్యాక స్విచ్చి వేసేందుకు బాబాయి తన వీధి మొగలో పెట్టె పక్కన నిలబడ్డాడు. పని లేక తలెత్తాడు.

పిల్లలకోడి ఉంది. వేలు చాపి లెక్కపెట్టాడు. ఆరు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాడు. ఆరే.

దీపాల్లేని చీకట్లో తన సోడాబుడ్డి కళ్ళకే ఆరు కనిపిస్తే, ఆమె కళ్ళకు ఏడూ కనిపించకపోతాయా? చూపు పోలేదు. చుక్కలే పోయాయి. పోగొట్టింది ఇంటి ముందు ఆ రెండు దీపాల వెలుగు, బిగించింది తను. బాబాయి పెట్టెను పట్టుకుని నిలబడ్డాడు.

ఫోను మోగింది. "అయిపోయింది, వేసెయ్" అన్నారు అవతలి నుంచి.

ఎదురింటి కోడలు గుమ్మంలోంచి కేకేసింది. "బాబాయ్, కరెంటెప్పుడొస్తుంది?"

"మీ పిన్ని కళ్ళకి ఏ లోపమూ లేదమ్మా" అన్నాడు బాబాయి.

"ఆఁ? ఏంటి బాబాయ్, వినపడలేదు!"

చెప్పాల్సిన మనిషి ఈ కోడలు కాదు.

"ఇదిగో, వచ్చేస్తోందమ్మా" అని స్విచ్చి వేశాడు.