వీరయ్య ఉల్టా దండోరా

సికింద్రాబాదులో ఎక్కడ ఏం జరగబోతున్నదో దేవుడికన్నా ఒక పూట ముందే వీరయ్యకు తెలిసేది. మోండా మార్కెట్ వెనక కుస్తీలు, మహంకాళి గుడి దగ్గర భజన, మిషన్ బడిలో కోతపండుగ వేలం, గారడీవాడి ఆట, ఎవరి మేకో తప్పిపోతే దొరికినవాళ్లు తెచ్చి ఇవ్వాలన్న మొర, సర్కారు వారి హుకుం, ఏదైనా సరే అతని డప్పు మీదుగా పోవలసిందే. బన్సీలాల్‌పేట్ బావి దగ్గర మొదలుపెట్టి రైలుస్టేషన్ ముందు జట్కాలు ఆగే చోటి దాకా ఇరవై రెండు మూలలు. ప్రతి మూల మీదా ఆగుతాడు, లావు పుల్ల కుడిచేత్తో, సన్న పుల్ల ఎడమచేత్తో పట్టుకొని డప్పు వాయిస్తాడు, కళ్లు మూసుకుంటాడు, చాటుతాడు. కళ్లు ఎందుకు మూసుకుంటావని అడిగితే, తెరిస్తే ఎదుటివాళ్ల మొహాలు చూసి మాట మరిచిపోతానని చెప్పేవాడు. నిజానికి అతనికి సిగ్గు. ఊరంతా వినేటట్టు అరిచే మనిషికి సిగ్గేమిటని మీరడగవచ్చు. ఉంటుంది, అంతే.

డప్పుతో పాటు తండ్రి రాములు దగ్గర్నుంచి అతనికి రెండు నియమాలు వచ్చాయి. మొదటిది, చాటినవాడు చాటినదాన్ని చూడ్డానికి పోకూడదు. పోయాడంటే తన మాట మీద తనకే నమ్మకం లేనట్టు లెక్క. రెండోది కొంచెం కష్టమైంది. చాటింది జరగకుండా పోతే ఉల్టా దండోరా వెయ్యాలి. అంటే స్టేషన్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి బావి దాకా నడవాలి, పుల్లలు చేతులు మార్చుకొని వాయించాలి, ఫలానాది లేదు అని ప్రతి మూల మీదా ఒప్పుకోవాలి. ఆ తర్వాత డప్పును మేకుకు తగిలించాలి. మళ్లీ దించకూడదు.

రాములుకు ఆ గతి పట్టింది. సర్కస్ వస్తున్నదని చాటాడు, సర్కస్ వచ్చేదే, కాని దారిలో ఏనుగు రైలెక్కనని మొండికేసింది. ఏనుగును వదిలి సర్కస్ రాదు, సర్కస్ రాకపోతే రాములు మాట నిలవదు. ఉల్టా వేసి, డప్పు తగిలించి, చచ్చేదాకా కావడితో నీళ్లు మోశాడు. నీళ్లు తెచ్చానని కూడా ఏ గడప దగ్గరా నోరు తెరిచి చెప్పలేదు. దగ్గేవాడు.

వీరయ్య ఇరవై ఏడేళ్లు చాటాడు. ఒక్క ఉల్టా లేదు. పెళ్లాం బాలమ్మ గంపలో గుగ్గిళ్లు పెట్టుకొని కుస్తీకీ కచేరీకీ భజనకీ అన్నింటికీ పోయి అమ్ముకొచ్చేది. ఆమె గంప దించగానే అతనొకటే మాట అడిగేవాడు.

"జరిగిందా?"

"జరిగింది," అనేది బాలమ్మ. అప్పుడు గాని అతనికి ముద్ద దిగేది కాదు.

పందొమ్మిది వందల నలభై ఎనిమిది సెప్టెంబరు పదో తారీకున వీరయ్య చాటింది చాలా చిన్న సంగతి. మిషన్ బడిలో పంతులు దేవానందం, గుంటూరు వైపు నుంచి వచ్చి పన్నెండేళ్లయినా యాస పోగొట్టుకోని మనిషి, నలభై మంది పిల్లల చేత పాటల కచేరీ పెట్టించాడు. చివర్లో ఆయన భార్య మేబెల్ ఫిడేలు వాయిస్తుంది. ఇరవయ్యో తారీకు సోమవారం, సాయంత్రం అయిదింటికి, బడి మైదానంలో. సోమవారం ఎందుకంటే ఆ రోజు పాదిరిగారు విశ్రాంతి తీసుకుంటారు కాబట్టి ఎవరూ వచ్చి సలహాలు చెప్పరు. ఠాణాలో అమీన్ సాబు సరేనని చిట్టీ కూడా రాసిచ్చాడు. వీరయ్య ఇరవై రెండు మూలలా చాటేశాడు.

మూడో రోజున యుద్ధం వచ్చింది. హిందుస్థాన్ ఫౌజు నలువైపుల నుంచీ సరిహద్దు దాటిందన్నారు. ఆ అయిదు రోజులు సికింద్రాబాదు ఎట్లా గడిపిందో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు. జనం తలుపులు బిడాయించుకొని గోడలకు చెవులానించి కూర్చున్నారు. నవ్వడానికి వీల్లేనివి కూడా చుట్టుపక్కల ఊళ్లలో జరిగాయి, వాటి జోలికి నేను పోను. సర్కారు హుకుం చాటింది కూడా వీరయ్యే. దీపాలు ఆర్పాలి, అయిదుగురికి మించి ఎక్కడా గుమికూడరాదు. కళ్లు మూసుకొని చాటాడు గాని, ఆ అయిదుగురి మాట దగ్గర తడబడ్డాడు. కచేరీకి పిల్లలే నలభై మంది.

గురువారం నాడు అతనూ దేవానందమూ ఠాణాకు పోయారు. అమీన్ సాబు బల్ల మీది కాగితాలన్నీ మూటలు కట్టిస్తున్నాడు.

"పంతులూ, అయిదుగురికన్న జ్యాదా కూడద్దు. హుకుం హుకుమే," అన్నాడు.

దేవానందం లెక్కల పంతులు కూడాను. జేబులోంచి పెన్సిలు తీశాడు. "అయిదుగురు చొప్పున ఎనిమిది దఫాలు పాడిస్తానండి."

అమీన్ సాబు ఆలోచించాడు. "మరి నువ్వు? నువ్వు సుత మనిషివే గద."

"అయితే నలుగురు చొప్పున పది దఫాలు."

"ఫిడేలు కొట్టే అమ్మ?"

"ముగ్గురు చొప్పున పదమూడు. ఒక పిల్ల మిగులుతుందండి. ఆ పిల్లను విడిగా పాడిస్తాను."

"మరి వినేటోళ్లు?"

దేవానందం పెన్సిలు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అమీన్ సాబు వాళ్లిద్దరినీ నిజంగానే జాలిగా చూసి, తానిచ్చిన చిట్టీ తీసుకొని రెండు ముక్కలు చేశాడు.

ఆ పూట వీరయ్య అన్నం ముట్టలేదు. "పిల్లల పాటలే గదయ్యా, ఎవరన్న ఏమన్న అనుకుంటరా," అన్నది బాలమ్మ. "ఎవరో అనుకునుడు గాదే. సాటిన. జరుగుతలేదు. ఇగ నేను ఎవన్ని?" అన్నాడు వీరయ్య. దండోరా వెయ్యని వీరయ్యను ఆమె ఎరగదు, అతనూ ఎరగడు.

శుక్రవారం పొద్దున స్టేషన్ ముందు నిలబడి పుల్లలు చేతులు మార్చాడు. ఇరవై ఏడేళ్ల అలవాటును తిరగేస్తే డప్పు కుంటుకుంటూ, ఎక్కిళ్లు పెడుతూ మోగింది. కళ్లు మూసుకొని చాటాడు. "సోమవారం నాటి మిషన్ బడి పిల్లల కచేరీ లేదహో." సిగ్గుకొద్దీ లోగొంతుకతోనే అన్నాడు. వీధిలో పిట్ట లేదు. తలుపుల వెనక ఉన్నవాళ్లకు అతని మాట వినపడలేదు, డప్పు మాత్రం వినపడింది.

వినపడితే ఊరుకునేవారు కారు ముసలివాళ్లు. బోయిన్‌పల్లి తోటల నుంచి ఆకుకూర తెచ్చి అమ్మే ముసలి ఎల్లమ్మ, ఏనుగు రాని రోజున రాములు వేసిన దండోరాను వయసులో ఉండగా విన్నది. తలుపు సందులోంచి ఎదురింటి తలుపు సందుకు కబురు వేసింది.

"గిది ఉల్టా డప్పు. సాటింది వాపసు తీసుకుంటుండ్రు."

"ఏం సాటిండ్రే?"

"ఏం సాటిండ్రు? జంగు సాటిండ్రు."

అంతే. వీరయ్య బావి దగ్గరికి చేరేలోపు యుద్ధం వాపసైపోయిందన్న మాట అతనికన్నా ముందు చేరింది. డప్పు మేకుకు తగిలించి మొహం గోడవైపు తిప్పుకొని అతను పడుకున్నాడు. సాయంత్రం రేడియోలో అచ్చం అదే మాట వచ్చింది. కాల్పులు ఆగిపోయాయి, ఫౌజు లోపలికి వస్తుంది, ఎవరూ భయపడనక్కరలేదు.

తెల్లవారేసరికి వీరయ్య గుమ్మం ముందు బంతిపూల దండలున్నాయి. రేడియో సాయంత్రం చెప్పిన సంగతి వీరయ్య పొద్దున్నే చెప్పాడని ఊరు ఊరంతా ఒప్పుకుంది. అతను చెప్పలేదంటే వినేవాడు లేడు.

"నేను పిల్లల కచేరీ బందని సెప్పిన, అంతే," అని మొత్తుకున్నాడు.

"అవును, గట్లనే అనాలె. ఖుల్లంఖుల్లా ఎట్ల సెప్తవు," అని కన్ను గీటి పోయారు. పిల్లల కచేరీ అంటే నవాబుగారి సర్కారట, ఫిడేలు అంటే ఫిరంగట. ఆదివారం నాటికి అర్జీలు కూడా మొదలయ్యాయి. ఒకాయన బావమరిది పిల్లాజెల్లాతో మల్కాజ్‌గిరి నుంచి వస్తానని కబురు పెట్టాడు, జెర ఉల్టా కొట్టి వాపసు చెయ్యమని మొరపెట్టుకున్నాడు. ఇంకొకామె తన పెళ్లినే వాపసు చేయించుకుంటానన్నది, పెళ్లయి పదకొండేళ్లయింది. వచ్చినవాళ్లందరికీ వీరయ్య బదులు ఒకటే. దగ్గాడు. ఆ దగ్గు విని బాలమ్మ పొయ్యి మీది గుగ్గిళ్లు మాడ్చుకుంది.

సోమవారం మూడింటికి ఆమె ఊరికే బడి వైపు పోయింది. పోయినంత వేగంగా తిరిగొచ్చింది.

"బడి మైదానం నిండింది. జనం వచ్చిండ్రు, కూసున్నరు."

"దేనికి?"

"కచేరీకి. పదో తారీకునాడు నువ్వే సాటితివి గద. నువ్వు బందన్న మాట ఎవరూ ఇనలేదు. అమీన్ సాబు ఠాణాకు తాళమేసి ఎటో పోయిండు, వద్దనేటోడు లేడు. సారు పిల్లలను నిలబెట్టిండు."

వీరయ్య లేచి కూర్చున్నాడు. మొహం వెలిగింది, వెంటనే ఆరిపోయింది. "జరిగితే శుక్రవారం నేను సాటింది అబద్ధం. జరగకపోతే పదో తారీకున సాటింది అబద్ధం. ఎటుపోయినా డప్పు మేకుకే."

మగడి మొహంలో ఆ ఆరిపోవడం చూసి బాలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అయితే ఉల్టాకు ఉల్టా కొట్టు. మీ అయ్య వద్దన్నడా?"

తండ్రి వద్దనలేదు. ఆ సంగతి తండ్రికి తట్టి ఉండదు, ఎందుకంటే ఏనుగు మళ్లీ మనసు మార్చుకోలేదు. వీరయ్య డప్పు దించాడు, మంట మీద కాచి బిగువు చేశాడు. లావు పుల్ల కుడిచేతికి వచ్చింది. మూడు రోజుల తర్వాత డప్పు చక్కగా, నిటారుగా మోగింది.

"మిషన్ బడి పిల్లల కచేరీ ఉన్నదహో. ఇయ్యాల అయిదు గంటలకు ఉన్నదహో."

బావి దగ్గర చాటాడు. రెండో మూల, మూడో మూల. మాట ఎవరు విన్నారు? కుడిచేతి దెబ్బ మాత్రం అందరూ విన్నారు. శుక్రవారం వాపసు తీసుకున్న యుద్ధం ఇవాళ మళ్లీ మొదలైందనుకున్నారు. "మళ్ల షురూ అయింది, లోపటికి రాండ్రి" అన్న మాట అతనికి రెండు వీధుల ముందు పరుగెత్తింది. దుకాణాల తలుపులు దడదడ పడ్డాయి. ఆరిపోయిన దీపాలను మళ్లీ ఆర్పబోయారు. అయిదు కొట్టేలోపు బడికి చేరాలన్న తొందరలో వీరయ్య తలవంచుకొని నడిచాడు, మూల వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకున్నాడు. అతని వృత్తిధర్మం అది. పక్క నుంచి జనం పరుగెత్తిన చప్పుడు విని, కచేరీకి తొందరపడుతున్నారని సంతోషించాడు.

బడి గేటు పన్నెండో మూల. అక్కడ కూడా నిండుగా చాటి కళ్లు తెరిచాడు.

మైదానం నిండా జంపఖానాలు, వాటి మీద చెప్పులు, ఒక తలపాగా, ఎవరిదో ఊతకర్ర. మనిషి లేడు. వేదిక మీద నలభై మంది పిల్లలు తలకు నూనె రాసుకొని చేతులు కట్టుకొని నిలబడ్డారు. పక్కన మేబెలమ్మ ఫిడేలు పట్టుకొని చూస్తున్నది. దేవానందం పాటల పట్టీ చేతబట్టుకొని మెట్ల మీద నిల్చున్నాడు.

"వీరయ్యా, జనానికి ఏం చెప్పావయ్యా?"

"కచేరీ ఉందని సెప్పిన సారూ."

దేవానందం ఖాళీ జంపఖానాల వైపు పట్టీ చూపించాడు. కుడిచేతి దెబ్బకు ఊరు ఏమనుకుందో వీరయ్యకు అప్పుడు తెలిసింది. తన నోటితోనే ఊరిని పిలిచి తన చేతితోనే తరిమేశాడు. ఇక దీనికి ఏ దండోరా వెయ్యాలో, ఎటునుంచి ఎటు నడవాలో తండ్రికి కాదు, ఎవరికీ తెలియదు.

ముందు వరసలో ఒక్క మనిషి ఉన్నది. బాలమ్మ. గంప ఒడిలో పెట్టుకొని, అడ్డదారిన అతనికన్నా ముందు వచ్చి కూర్చుంది.

"వచ్చి కూసో," అన్నది.

"సాటినోడు సూడొద్దే."

"కూసో అంటున్న. నీకొక ముచ్చట సెప్పాలె." అతను జంపఖానా అంచున, లేచి పోవడానికి వీలుగా, కూర్చున్నాడు. ఆమె వేదిక వైపే చూస్తూ చెప్పింది. "మోండా ఎనక కుస్తీ యాదికున్నదా, మన కొడుకు సచ్చిపోయిన సంవత్సరం? జరగలే. పైల్వాన్లు ఇద్దరూ రాజీ పడి చాయ తాగి పోయిండ్రు. తర్వాత హరికథ. దాసుకు గొంతు పోయింది. బొమ్మలాట కూడా జరగలే, వానకు బొమ్మలు తడిసినయి. మూడుసార్లు నువ్వు జరిగిందా అంటే జరిగిందన్న."

వీరయ్య ఆమె వైపు తిరిగాడు. ఇరవై ఏడేళ్లలో ఆ డప్పు మూడుసార్లు మేకుకెక్కవలసింది. ఎందుకు చెప్పలేదో ఆమే చెప్పింది.

"మీ అయ్య గడప గడపకు నిలబడి దగ్గుతుంటే నేను సూసిన. ఇంట్ల ఇంకొకరు అట్ల దగ్గితే నా వల్ల గాదు అనుకున్న."

అతని చెయ్యి డప్పు మీద ఉన్నది. తియ్యలేదు, వాయించలేదు. కోపం వచ్చిందో ఏడుపు వచ్చిందో అతనికే తెలియదు. వేదిక మీద దేవానందం పట్టీ మడిచి జేబులో పెట్టుకొని పిల్లల వైపు తలూపాడు. వినేవాళ్ల వరకు చూస్తే ఇద్దరే, అమీన్ సాబు హుకుం దాటలేదు. మేబెలమ్మ ఫిడేలు గడ్డం కిందికి చేర్చుకుంది.

"గిది మాత్రం జరుగుతుంది," అన్నది బాలమ్మ. "నన్నడగకు. నువ్వే సూడు."

పిల్లలు పాట ఎత్తుకున్నారు. వీరయ్యకు అలవాటు కొద్దీ కళ్లు మూతపడబోయాయి. తెరిచి ఉంచాడు.